భీమునిపట్నం

మన కేసముద్రం పేరులో సముద్రముంది. సముద్రాన్ని చూడాలంటే మాత్రం కోస్తాకు తరలవలసిందే. విశాఖపట్నానికి ఈశాన్యంగా, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసేచోట భీమునిపట్నం వెలసింది. ఈ జాలరుల ఊరికి 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు వచ్చారు. 1825లో అది ఆంగ్లేయుల వశమై, 1861లో పురపాలక సంఘంగా రూపొందింది. ఈ రేవునుండి ఎగుమతైన గోగునారకు విదేశాలలో ‘బిమ్లీ జూట్’ అనే పేరు స్థిరపడింది.

ఓడల రాకపోకలు ఆగినా, డచ్చివారి సమాధులు, దీపస్తంభం నిలిచే ఉన్నాయి. వాటిని చూసి, తీరాన విహరించడానికి నేడు యాత్రికులు వస్తున్నారు. అయితే ఆ ఇసుకతిన్నెలే జాలరులకు పనిచోటు. పడవలు నిలిపేదీ, వలలు బాగుచేసుకొనేదీ, చేపలు ఎండబెట్టేదీ అక్కడే. విహారం కోసం తీరాన్ని తీర్చిదిద్దేటప్పుడు వారి చోటు వారికి మిగలాలి. పరచిన వలను తొక్కక పక్కగా నడవడం యాత్రికుని ప్రథమ మర్యాద.