లింగమార్పిడి శస్త్రచికిత్సలు ఒకప్పుడు ఎలా జరిగేవి?

1962 మే నెలలో హిమాలయ సానువుల్లోని డల్హౌసీ పట్టణంలో ఒక విదేశీ బౌద్ధ సన్యాసి మరణించారు. ఆయన పేరు మైఖేల్ డిలన్. బ్రిటన్‌లో ఆడపిల్లగా పుట్టి, పురుషుడిగా మారి, వైద్యవిద్య చదివి, ఓడల్లో వైద్యుడిగా పనిచేశారు. 1958లో పత్రికలు ఆయన గతాన్ని బయటపెట్టడంతో భారతదేశానికి వచ్చి సన్యాసం స్వీకరించారు. లింగమార్పిడి శస్త్రచికిత్స తొలి దశాబ్దాల్లో ఎంత గోప్యంగా, ఎంత భయం నడుమ సాగిందో ఆయన జీవితం తెలియజేస్తుంది.

బెర్లిన్‌లో తొలి అడుగులు

ఆధునిక వైద్యంలో ఈ ప్రయత్నాలకు ప్రధాన కేంద్రం జర్మనీ. వైద్యుడు మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో బెర్లిన్‌లో లైంగిక శాస్త్ర సంస్థను స్థాపించారు. అక్కడ పనిమనిషిగా ఉన్న డోరా రిక్టర్‌కు 1922లో వృషణాల తొలగింపు, 1931లో యోని నిర్మాణం జరిగాయి.

డెన్మార్క్ చిత్రకారిణి లిలీ ఎల్బేకు 1930, 1931 సంవత్సరాల్లో దశలవారీగా శస్త్రచికిత్సలు చేశారు. చివరి శస్త్రచికిత్స తర్వాత తలెత్తిన సమస్యలతో 1931 సెప్టెంబరులో ఆమె కన్నుమూశారు. పెన్సిలిన్ రోగులకు అందుబాటులోకి వచ్చింది 1940లలోనే. 1931 నాటికి ఇన్ఫెక్షన్ సోకితే వైద్యుల చేతిలో బలమైన ఆయుధమేదీ లేదు. 1933 మేలో నాజీలు బెర్లిన్ సంస్థపై దాడిచేసి, గ్రంథాలను తగులబెట్టారు. దానితో అక్కడి కృషి ఆగిపోయింది.

యుద్ధం నేర్పిన విద్య

మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిలీస్ అనే శస్త్రవైద్యుడు కొత్త పద్ధతిలో చికిత్స చేశారు. చర్మాన్ని పూర్తిగా వేరు చేయకుండా, రక్తప్రసరణ ఆగకుండా గొట్టంలా చుట్టి, మెల్లమెల్లగా అవసరమైన చోటికి చేర్చేవారు. 1946 నుంచి 1949 వరకు అదే పద్ధతితో డిలన్‌కు పురుషాంగం నిర్మించారు. ఇందుకు పదమూడు శస్త్రచికిత్సలైనా అవసరమయ్యాయి. గుట్టు బయటపడకుండా ఉండేందుకు, పుట్టుకతో వచ్చిన మూత్రనాళ లోపానికి చికిత్స చేసినట్టు గిలీస్ రికార్డుల్లో రాశారు.

1952లో అమెరికా మాజీ సైనికురాలు క్రిస్టీన్ జోర్గెన్‌సెన్ కోపెన్‌హేగన్‌లో చికిత్స పొందిన వార్త పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. ఆమె శస్త్రచికిత్సకు డెన్మార్క్ ప్రభుత్వ అనుమతి తీసుకోవలసి వచ్చింది.

కాసాబ్లాంకా ప్రయాణం

సొంత దేశాల్లో వీలుకాని వారు మొరాకోకు వెళ్లేవారు. కాసాబ్లాంకాలో ఫ్రెంచి వైద్యుడు జార్జ్ బురూ 1956 నుంచి ఈ శస్త్రచికిత్సలు చేశారు. పురుషాంగపు చర్మాన్ని లోపలికి మడిచి యోనిని రూపొందించే ఆయన పద్ధతి తరువాతి విధానాలకు పునాది అయింది. 1953 ఎవరెస్ట్ విజయవార్తను ప్రపంచానికి అందించిన రచయిత్రి జాన్ మోరిస్ కూడా 1972లో అక్కడికే వెళ్లారు. భార్యకు విడాకులిస్తేనే శస్త్రచికిత్స చేస్తామని బ్రిటన్ వైద్యులు షరతు పెట్టడమే అందుకు కారణం.

షరతులు క్రమంగా పెరిగాయి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1966లో ప్రారంభించిన ప్రత్యేక కేంద్రం 1979లో మూతపడింది. స్వీడన్ 1972లో చట్టబద్ధంగా లింగ గుర్తింపు మార్చుకునే హక్కు ఇచ్చినా, సంతాన సామర్థ్యాన్ని కోల్పోవాలన్న నిబంధన విధించింది. అది 2013లో గాని తొలగలేదు.

మన దేశంలో

భారతదేశంలో హిజ్రా సమాజానికి 'నిర్వాణం' అనే సంప్రదాయం ఉంది. ఆసుపత్రి ప్రమేయం లేకుండా, మత్తుమందు ఇవ్వకుండా, సమాజంలోని అనుభవజ్ఞులే అంగఛేదం చేసేవారు. తర్వాత నలభై రోజుల విశ్రాంతి, ఆపై వేడుక. అధిక రక్తస్రావం, ఇన్ఫెక్షన్, మూత్రమార్గం మూసుకుపోవడం ప్రాణాల మీదికి తెచ్చేవి. భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్ పుంస్త్వనాశాన్ని తీవ్రగాయాల్లో మొదటిదిగా పేర్కొంది. హైదరాబాద్ రాజ్యంలో 1919 నాటి నపుంసకుల చట్టం హిజ్రాలు పోలీసుల వద్ద పేర్లు నమోదు చేయించుకోవాలన్నది. తెలంగాణ హైకోర్టు 2023లో దానిని కొట్టివేసింది. ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగులోకి తెచ్చాక ఈ జీవితాల వేదన తెలుగు పాఠకులకు మరింత చేరువైంది.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. లింగ గుర్తింపును అంగీకరించడానికి శస్త్రచికిత్స చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని స్పష్టం చేసింది. 2019 నాటి చట్టం శస్త్రచికిత్స, హార్మోన్ చికిత్స సౌకర్యాలు కల్పించే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది.

ఒక తరానికి ఈ శస్త్రచికిత్స నిషిద్ధం. మరో తరానికి అదే గుర్తింపు కోసం చెల్లించవలసిన మూల్యం. చేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆ వ్యక్తిదేనని, కోరుకున్నవారికి సురక్షితమైన వైద్యం అందాలని అంగీకరించడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.