ఇరవై సెంట్ల తోట, రోజూ కోత

2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి రాయలసీమలో అదే టమాటాను రైతులు రోడ్డు పక్కన పారబోశారు. ఒకే పంట మీద బతికే చిన్న కుటుంబానికి ఇది వ్యవసాయం కాదు, జూదం.

ఆ జూదం నుంచి తప్పుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌లో చాలా కుటుంబాలు 20 సెంట్ల కూరగాయల తోట పెట్టుకున్నాయి. 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తున్న రైతు సాధికార సంస్థ దీనికి ఏటీఎం అని పేరు పెట్టింది. ఎప్పుడు వెళ్లినా నాలుగు డబ్బులు చేతికి రావాలన్నది లెక్క.

ఆ లెక్కంతా కోతల వరుసలో ఉంది. తోటకూర నెల లోపే వస్తుంది. ముల్లంగి పీకేవేళకు బెండ తొలి కోతకొస్తుంది. వంగ అందుకునేది రెండు నెలలు దాటాకే. అంచుల్లో బంతి, పందిరి మీద బీర, కాకర. ఒక మడి ఖాళీ అయితే ఆ సాయంత్రానికే మరో విత్తనం పడాలి. చెప్పడం తేలికే, బెండకాయకు పెళ్లిళ్లూ పండగలూ తెలియవు మరి. రెండు రోజులు కోయకపోతే ముదిరి పశువుల పాలవుతుంది. మందుల కొట్లో బాకీ తగ్గిన మాట నిజమే గానీ, దానికి బదులు పడే చాకిరి ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల నడుము మీదే పడుతోంది. లాభాల లెక్కల్లో ఆ కూలి సాధారణంగా కనిపించదు.

భూమికి బలం జీవామృతం: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. రోజూ కలుపుతూ రెండు రోజులు నీడన పులియబెడతారు. ఎకరానికి సరిపడేది ఇది. 20 సెంట్లకు 40 లీటర్లు చాలు. వడగట్టకుండా డ్రిప్పులో వదిలితే మాత్రం రంధ్రాలు పూడిపోతాయి. బెండకు పల్లాకు తెగులు మోసుకొచ్చే తెల్లదోమ కోసం పసుపు జిగురు అట్టలు కడతారు. తెగులు సోకిన మొక్కకు మాత్రం మందు లేదు, పీకేయడమే.

పక్క చేలో మందు కొడితే గాలి గట్టు దగ్గర ఆగదు. జనగామ జిల్లా ఏనెబావిలో యాభై దాకా కుటుంబాలు కలిసి రసాయనాలు మానేసి, 2006లో తమది సేంద్రియ గ్రామమని ప్రకటించుకోవడం అందుకే తెలివైన పని.

అసలు చిక్కు అమ్మకంలో ఉంది. పది కిలోల బీర, ఆరు కిలోల వంగ తీసుకెళితే కమీషన్ ఏజెంటు వాటిని అందరి సరుకులో కలిపేస్తాడు. సేంద్రియమన్న మాట అక్కడ పైసాకు కొరగాదు. రకాలు ఎక్కువ, పరిమాణం తక్కువ అయిన తోటకు వారం వారం ఇంటికి సంచి కట్టించుకునే పట్నం వాడుకదార్లే సరైన బేరం. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ‘నిజంగా మందు కొట్టలేదా?’ అని. దానికి జవాబుగా పీజీఎస్ ధ్రువీకరణ ఉంది. కనీసం ఐదుగురు రైతులు బృందంగా చేరి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఎగుమతికి ఇది చెల్లదు, దేశంలో అమ్మకానికి చాలు. ఎండాకాలంలో ఆకుకూరలు తగ్గి సంచి పలచబడితే, అదే బృందంలో నీటి వసతి ఉన్న రైతు దగ్గర కొని నింపుకోవచ్చు.