విశ్రాంత జీవితానికి ఏ ఊరు?

ఉద్యోగంలో చేరిన నాడు సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ రాసినప్పుడే పదవీ విరమణ తేదీ కూడా నిర్ణయమైపోతుంది. అంత ముందుగా తెలిసిన విషయం జీవితంలో మరొకటి ఉండదు. అయినప్పటికీ ఆ తేదీ తరువాత ఎక్కడ నివసించాలి అనే ప్రశ్నను మాత్రం మనలో చాలామందిమి ఆఖరి సంవత్సరం వరకు వాయిదా వేస్తూ వస్తాము. క్వార్టరు అప్పగించవలసిన రోజులు దగ్గరపడిన తరువాత హడావుడిగా తీసుకొన్న నిర్ణయం ఆపై ఇరవై సంవత్సరాల జీవితాన్ని శాసిస్తుంది.

1959 ఫిబ్రవరిలో భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనది. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఇక్కడికి తరలివస్తూనే ఉన్నాయి. తొలి తరం వారు ఏనాడో విశ్రాంతులైనారు. ఇప్పుడు విరమణ పొందుతున్నవారిలో ఈ సెక్టార్లలోనే పుట్టి, ఇక్కడి పాఠశాలల్లోనే చదివి, తండ్రి పనిచేసిన కర్మాగారంలోనే పనిచేసినవారు కూడా ఉన్నారు. వీరందరి ముందు ఉన్న దారులు ప్రధానంగా నాలుగు: స్వగ్రామం, పిల్లలున్న నగరం, మరొక మంచి పట్టణం, లేదా ఇక్కడే ఉండిపోవటం. ఒక్కొక్కదాని మంచిచెడ్డలను పరిశీలిద్దాం.

స్వగ్రామం ఎవరిది?

ముప్పై సంవత్సరాలు కొలిమి వేడిలో పనిచేసినవారికి సొంత ఊరి చెరువుగట్టు, కొబ్బరితోట కలలో కనిపించటం సహజమే. అయితే ఒక విషయం ఆలోచించాలి. భర్త పుట్టిన ఊరు భార్యకు అత్తవారి ఊరు మాత్రమే. ఇరవై ఏళ్ల వయసులో పెళ్లి చేసుకొని ఈ టౌన్‌షిప్‌కు వచ్చిన ఇల్లాలికి ఆ ఊరితో ఉన్న పరిచయం సంక్రాంతి సెలవుల పరిచయమే. ఆమె స్నేహితురాళ్లు, ఆమె భజన మండలి, కార్తీక మాసంలో కలిసి దీపాలు పెట్టే ఇరుగుపొరుగు అందరూ ఇక్కడే ఉన్నారు. "మన ఊరు వెళ్లిపోదాం" అనే మాటలో "మన" అనేది ఎంతవరకు నిజమో ముందుగా ఇంట్లో అడిగి తెలుసుకోవటం మంచిది.

రెండవది ఆస్తి సంగతి. తండ్రిగారి ఇంట్లో మనకొక భాగం ఉన్నదనుకోవటం వేరు, ఆ భాగం కాగితం మీద ఉండటం వేరు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి జరిగిన సవరణ కుమార్తెలకు పిత్రార్జితంలో కుమారులతో సమానమైన హక్కు కల్పించినది. అప్పచెల్లెళ్ల భాగం మాట తేలకుండా ఆ స్థలంలో మన ప్రావిడెంట్ ఫండు సొమ్ముతో ఇల్లు కట్టటం తొందరపాటు. పంపకాలు రిజిస్టరు చేయించుకొని, ఈసీ తీసి చూసుకొన్న తరువాతనే పునాది తవ్వాలి.

మూడవది నీరు. నల్గొండ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడు బాధ తరతరాలది. మన సహోద్యోగులు ఎందరికో సొంత సీమ అయిన ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. దానికి కారణం ఇదమిత్థమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధులకు ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైనది. ఇదంతా ఊరికి వెళ్లవద్దని చెప్పటానికి కాదు. బావినీళ్లు చిన్ననాటి తీపితోనే ఉన్నాయనుకోకుండా పరీక్ష చేయించుకొని వెళ్లమని చెప్పటానికి.

పిల్లల చెంత

పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నప్పుడు వారి చెంతకు చేరటం రెండవ దారి. మనవల ముద్దుమాటలు, అవసరానికి అందే చేయి, పెద్ద ఆసుపత్రులు ఇందులోని లాభాలు. అయితే నేటి ఉద్యోగాలు మన ఉద్యోగాల వంటివి కావు. మనం ఒకే గేటులో ముప్పై సంవత్సరాలు పంచ్ చేశాము. వారు నాలుగైదేళ్లకొక సంస్థ, కొన్నిసార్లు ఒక దేశం మారుతున్నారు. కొడుకు కోసం బెంగళూరులో ఫ్లాటు కొన్న తరువాత కొడుకు అమెరికా వెళితే, కన్నడం రాని తల్లిదండ్రులు తొమ్మిదో అంతస్తులో మిగిలిపోతారు.

కనుక పిల్లల చెంతకు వెళ్లదలచినవారు ఒకే ఇంట్లో కాకుండా, నడిచి వెళ్లగలిగిన దూరంలో వేరే చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవటం ఇరువర్గాలకూ గౌరవప్రదం. విరమణ సొమ్మంతా పిల్లల ఫ్లాటులో పెట్టటం, ఉన్న ఆస్తిని ముందుగానే రాసివ్వటం మాత్రం ఆలోచించి చేయవలసిన పనులు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చినది. తమ బాగోగులు చూడాలనే షరతుతో ఆస్తిని రాసిచ్చినప్పుడు, ఆ షరతు నెరవేరకపోతే బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరే హక్కును ఆ చట్టంలోని 23వ సెక్షను ఇచ్చినది. అటువంటి షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండటం శ్రేయస్కరం. చట్టం ఉన్నది కదా అని ధైర్యపడటం కన్న, ఆ చట్టం అవసరం రాకుండా చూసుకోవటం మేలు.

పేరున్న పట్టణాలు

కొన్ని పట్టణాలకు విశ్రాంత జీవులతో విడదీయరాని పేరు ఉన్నది. కాకినాడను "పెన్షనర్ల స్వర్గం" అంటారు. ఒకప్పుడు బెంగళూరుకు కూడా అదే బిరుదు ఉండేది. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున చల్లగా, చెట్ల నీడన ఉన్న ఆ ఊరు పెద్దలను ఆకర్షించింది. అదే బెంగళూరు 2024 వేసవిలో నీటి ట్యాంకర్ల కోసం ఎదురుచూసినది. పట్టణాలు మారుతూ ఉంటాయి. వాటి బిరుదులు మాత్రం వెనుకటివే మిగులుతాయి. పాతికేళ్ల క్రితం ఎవరో చెప్పిన పేరును నమ్మి ఇల్లు కొనకూడదు.

మనవారిలో ఎక్కువమంది మొగ్గుచూపేది విశాఖపట్నం వైపు. భాష, బంధువులు, సముద్రపు గాలి, పెద్ద ఆసుపత్రులు అన్నీ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖపట్నానికి వందే భారత్ రైలు ప్రారంభమై, ప్రయాణం దాదాపు ఎనిమిది గంటలకు తగ్గినది. అయితే కోస్తా ఉక్కపోత వయసు మళ్లినవారికి తేలిక కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరమంతా రోజుల తరబడి కరెంటు, నీళ్లు లేక అల్లాడినది. పై అంతస్తులోని ఫ్లాటుకు లిఫ్టు ఆగిన నాడు మెట్లెక్కగలమా అన్నది ఇల్లు చూసేటప్పుడే వేసుకోవలసిన ప్రశ్న.

ఇక్కడే ఉండిపోతే

నాలుగవ దారి ఇక్కడే ఉండిపోవటం. దుర్గ్, భిలాయి పరిసరాల్లో ఇల్లు కట్టుకొన్న తెలుగువారు ఎందరో ఉన్నారు. సెక్టార్ 9 ఆసుపత్రి, అందులో మన చీటీ, మనను పేరుపెట్టి పలకరించే కాంపౌండరు, బాలాజీ గుడి, కూరగాయల మార్కెట్టులో తెలుగులో బేరమాడగలిగిన అంగడి. వీటికి వెల కట్టలేము. చెట్లు నీడనిచ్చే విశాలమైన వీధులు పెద్దల నడకకు అనువైనవి.

కాని ఇందులోనూ ఒక చిక్కు ఉన్నది. టౌన్‌షిప్ జీవితానికి ప్రాణం తోటి ఉద్యోగులు. ఏటా కొందరు విరమణ పొంది వెళ్లిపోతుంటారు. మనతోపాటు షిఫ్టులు చేసినవారిలో ఎవరెవరు ఇక్కడ ఉండబోతున్నారో కనుక్కోకుండా, "అందరూ ఉంటారులే" అనుకొని ఉండిపోయినవారు అయిదేళ్ల తరువాత పరిచయం లేని వీధిలో మిగలవచ్చును. నలుగురైదుగురు మిత్రులు ముందుగా మాట్లాడుకొని ఒకేచోట ఇళ్లు చూసుకొంటే ఈ లోటు తీరుతుంది.

దూరం కిలోమీటర్లలో కాదు, నిమిషాలలో

ఏ ఊరైనా సరే, ఆసుపత్రి లెక్క తప్పదు. పక్షవాతం సంగతే తీసుకొందాం. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఆ లోపల రోగి చేరటం ఒక్కటే చాలదు. స్కానింగు జరగాలి, అది చూసి చెప్పగల వైద్యుడు ఉండాలి. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాని వర్షాకాలంలో రాత్రి రెండు గంటలకు మన ఊరి రోడ్డు మీద అది ఎంతసేపట్లో వస్తుందో స్థానికులను అడిగి తెలుసుకోవాలి.

మెడిక్లెయిం పథకం కింద నగదురహిత చికిత్స ఇచ్చే ఆసుపత్రుల జాబితా మారుతూ ఉంటుంది. వెళ్లదలచిన ఊరికి దగ్గరలో ఆ జాబితాలోని ఆసుపత్రి ఉన్నదో లేదో చూసుకోవాలి. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 సంవత్సరాలు నిండినవారందరికీ విస్తరించి, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స వెసులుబాటు కల్పించారు. ఈ కార్డును తీసుకొనే ఆసుపత్రి ఎంత దూరమో కూడా విచారించుకోవాలి.

ఒకరు మిగిలిన నాడు

ఇంతవరకు చెప్పినవన్నీ ఇద్దరి లెక్కలు. మనం సాధారణంగా చేయని లెక్క మరొకటి ఉన్నది. దంపతులలో ఒకరు ముందు వెళ్లక తప్పదు. భర్త వయసులో పెద్ద కావటం మన సమాజంలో రివాజు గనుక, ఆఖరి సంవత్సరాలు ఒంటరిగా గడపవలసినది ఎక్కువగా ఇల్లాలే. అశుభమని ఈ మాట ఎత్తకుండా దాటవేస్తే నష్టపోయేది ఆమే.

మేము ఎరిగిన ఒక కుటుంబం శ్రీకాకుళం జిల్లాలోని స్వగ్రామంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకొన్నది. ఆయన స్వయంగా దగ్గరుండి ప్రతి కిటికీ చేయించారు. గృహప్రవేశమైన మూడవ సంవత్సరం ఆయన కన్నుమూశారు. ఆవిడకు బ్యాంకు పదకొండు కిలోమీటర్లు. స్కూటరు నడపటం రాదు. ఆటోకు మనిషిని బతిమాలాలి. ఏడాది తిరగకుండానే ఇంటికి తాళం వేసి భిలాయి వచ్చి, పాత స్నేహితురాలి పక్కింట్లో రెండు గదులు అద్దెకు తీసుకొన్నారు. ఇప్పుడు నిబ్బరంగానే ఉన్నారు. కాని వారిద్దరి పొదుపులో అధిక భాగం తాళం వేసిన ఆ ఇంటిలో ఉన్నది.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూడాలి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో వేతన పరిమితిని 2014 సెప్టెంబరులో 15,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆ పరిమితి ప్రకారం వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తే నెల పింఛను వస్తుంది. మొత్తం 32 సంవత్సరాలకు ఆ గరిష్ఠ వేతనాన్నే తీసుకొన్నా అది 6,857 రూపాయలు. భర్త తదనంతరం భార్యకు అందేది అందులో సగం, అంటే దాదాపు 3,430 రూపాయలు. అధిక పింఛను పొందుతున్నవారి లెక్క వేరు. సంస్థ పింఛను నిధితో యాన్యుటీ కొనేటప్పుడు, నెలకు నాలుగు వందలు ఎక్కువ వస్తుందని ఒక్కరి జీవితకాలపు పథకం ఎంచుకోక, ఇద్దరి జీవితకాలానికీ వర్తించేదానిని ఎంచుకోవటం మంచిది. ఇల్లు ఇద్దరి పేర, బ్యాంకు ఖాతా ఇద్దరి పేర, నామినేషను ఎప్పటికప్పుడు సరిచూసి ఉండాలి.

కాబట్టి ఏ ఊరి గురించి ఆలోచించినా ఒక్క ప్రశ్న ముందు వేసుకొందాం: ఈ ఊళ్లో, ఈ ఇంట్లో, నేను లేని నాడు ఆమె, లేదా ఆమె లేని నాడు నేను, ఎవరి సాయం కోసమూ రోజూ ఎదురుచూడకుండా బతకగలమా? కూరగాయలు, మందుల షాపు, బ్యాంకు, గుడి నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయా? తలుపు తట్టగల ఇద్దరు మనుషులు ఉన్నారా? దీనికి అవునని జవాబు వచ్చిన ఊరే మన ఊరు. అది జన్మస్థలం కావచ్చు, కాకపోవచ్చు.

నిర్ణయానికి ముందు

విరమణకు అయిదేళ్ల ముందే దంపతులు ఈ విషయం మాట్లాడుకోవటం మొదలుపెట్టాలి. ఎల్.టి.సి.ని, మిగిలిన సెలవులను వాడుకొని, అనుకొన్న ఊరిలో ఒక మే నెల, ఒక ఆగస్టు నెల గడిపి చూడాలి. సంక్రాంతికి ప్రతి ఊరూ బాగానే ఉంటుంది.

విరమణ అయిన వెంటనే కొనటం, కట్టటం పెట్టుకోక, ఏడాది పాటు అద్దె ఇంట్లో ఉండటం ఉత్తమం. ఈ విషయంలో నేటివారికి పూర్వంకన్న వెసులుబాటు ఎక్కువ. 2025 జనవరి నుంచి పింఛను పథకం సొమ్మును దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా తీసుకోవచ్చును. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ విధానంతో జీవన ధ్రువపత్రం కోసం పాత ఊరికి రావలసిన పనిలేదు. వయోవృద్ధుల పొదుపు పథకం ఖాతాను కూడా ఊరు మారినప్పుడు బదిలీ చేయించుకోవచ్చును. అయితే వయోవృద్ధుల రైలు రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు గనుక, పిల్లల వద్దకు రాకపోకల ఖర్చును పూర్తి టిక్కెట్టు ధర మీదనే వేసుకోవాలి.

ఫ్లాటు కొనదలచినవారు ఆ ప్రాజెక్టు రెరాలో నమోదైనదో లేదో, స్థలం కొనేవారు పాసు పుస్తకం, లింకు దస్తావేజులు, ఈసీ సరిగా ఉన్నాయో లేదో న్యాయవాదికి చూపించి తెలుసుకోవాలి. పాత మిత్రుడు అమ్ముతున్నాడనే మాట దస్తావేజుకు బదులు కాదు.

మన కర్మాగారంలో ఏ యంత్రాన్నయినా పూర్తి స్థాయిలో నడిపే ముందు ట్రయల్ రన్ చేస్తాము. దానికంటె విలువైన మన శేష జీవితానికి ఆ మాత్రం జాగ్రత్త అవసరం. ఈ సంవత్సరం విరమణ పొందనున్న సోదర సోదరీమణులందరూ ఈ సాయంత్రమే ఇంట్లో ఈ మాట ఎత్తుదురుగాక. ముందుగా ఇల్లాలి అభిప్రాయం అడిగి, ఆ తరువాతనే తమది చెప్పుదురుగాక. వారందరికీ ఆరోగ్యప్రదమైన, నిశ్చింతమైన విశ్రాంత జీవితం లభించాలని మా హృదయపూర్వక ఆకాంక్ష.