రాలిన కొమ్ము, కూర్చున్న జాగిలం

ఎద్దుకున్నదీ కొమ్మే, కృష్ణజింకకున్నదీ కొమ్మే, దుప్పికున్నదీ కొమ్మే. తెలుగులో మూడింటికీ ఒకటే మాట. జంతుశాస్త్రం మాత్రం వీటిని రెండుగా విడదీస్తుంది. ఎద్దు, మేక, కృష్ణజింకల కొమ్ములో లోపల ఎముక, పైన గోరులాంటి పదార్థంతో చేసిన తొడుగు ఉంటాయి. అది రాలదు. దుప్పి కొమ్ము, కణితి (సాంబార్ జింక) కొమ్ము అలా కాదు. మొత్తం ఎముకే. మగవాటికి మాత్రమే మొలుస్తుంది, కొంతకాలానికి రాలుతుంది, మళ్లీ మొలుస్తుంది. కడప జిల్లాలో లంకమల నుంచి పాలకొండల దాకా, కర్నూలు వైపు నల్లమల దాకా దొరికే కొమ్ముల గురించి మాట్లాడాలంటే ముందు ఈ తేడా తెలిసి ఉండాలి.

మగ దుప్పి నుదుటి మీద చర్మం కప్పిన రెండు ఎముక పీఠాలుంటాయి. కొమ్ము వాటి నుంచే లేస్తుంది. మొదట్లో దాని మీద మఖమల్ లాంటి మెత్తని చర్మం, ఆ చర్మం నిండా రక్తనాళాలు ఉంటాయి. క్షీరదాల్లో ఇంత వేగంగా పెరిగే ఎముక మరొకటి కనిపించదు. చలిదేశాల్లోని పెద్ద జాతుల్లో అది రోజుకు సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది. పెరుగుదల ఆగాక రక్తప్రసారం నిలిచిపోతుంది, చర్మం ఎండుతుంది, జంతువు చెట్లకు రుద్దుకుంటే పీలికలుగా ఊడిపోతుంది. మిగిలేది ప్రాణం లేని గట్టి ఎముక. టెస్టోస్టిరాన్ హార్మోను తగ్గినప్పుడు, ఎముకను కరిగించే కణాలు పీఠానికీ కొమ్ముకూ నడుమనున్న పొరను తినేస్తాయి. ఆ తర్వాత ఒక తుమ్మకొమ్మ తగిలినా చాలు, అది ఊడి కింద పడుతుంది. పుండు మానుతుంది, కొత్త కొమ్ము మొదలవుతుంది. ఒక అవయవం మొత్తంగా ఇలా మళ్లీ మళ్లీ మొలవడం క్షీరదాల్లో దుప్పి, కణితి చేరే ఈ ఒక్క కుటుంబానికే ఉన్న శక్తి. తెగిన అవయవాలను తిరిగి పెంచే మార్గం వెతుకుతున్న పరిశోధకులు దీన్ని అంత శ్రద్ధగా చదవడానికి కారణం అదే.

అమెరికాలో ఇలా రాలిన కొమ్ములను ఏరడం ఒక వినోదం. అక్కడ పగటి పొడవు ఋతువును బట్టి బాగా మారుతుంది కాబట్టి మగవన్నీ దాదాపు ఒకే కాలంలో, చలికాలం చివర నుంచి వసంతం దాకా, కొమ్ములు రాలుస్తాయి. లాబ్రడార్ వంటి కుక్కలకు కొమ్ము జాడ పట్టి నోట కరచి తెచ్చి యజమాని చేతికి ఇవ్వడం నేర్పుతారు. మన దుప్పులకు అలాంటి కట్టడి లేదు. ఒకే మందలో ఒకదానికి మఖమల్ కొమ్ము, ఇంకొకదానికి గట్టి కొమ్ము, మరొకదానికి బోడితల కనిపిస్తాయి. కాబట్టి మన అడవిలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట కొమ్ము రాలుతూనే ఉంటుంది.

రాలిన కొమ్ము వ్యర్థమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. దానిలో కాల్షియం, ఫాస్ఫరస్ పుష్కలంగా ఉంటాయి. ఏదుపంది దాన్ని కొరికి తింటుంది, ఎలుకలు కొరుకుతాయి, దుప్పులు కూడా పాత ఎముకలను నమలడం కనిపిస్తుంది. మట్టి పలచగా, రాయి ఎక్కువగా ఉన్న పొడి అడవిలో ఒక కణితి కొమ్ము చిన్న ఖనిజ నిల్వ లాంటిది. ఆకుల్లో, గడ్డిలో ఏరుకున్న ఖనిజాన్ని జంతువు నెత్తిమీద పోగుచేసి, తిరిగి అడవికే ఇస్తుంది.

మనిషికీ ఆ కొమ్ముతో చాలాకాలంగా పని ఉంది. దుప్పికొమ్మును సానరాయి మీద అరగదీసి నొప్పులకు పట్టువేసేవారు. ఆయుర్వేదంలో శృంగభస్మం ఉంది. కత్తి పిడులకు, గుండీలకు కణితి కొమ్ము విదేశాలకు ఎగుమతయ్యేది. 1990ల చివర్లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిలిపివేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ట్రోఫీ’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కొమ్ములు కూడా ఉన్నాయి. అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏదీ తీసుకుపోకూడదు. “నేను చంపలేదు, రాలింది ఏరుకున్నాను” అన్న సమాధానానికి తావిస్తే, చంపి తెచ్చిన కొమ్ము కూడా అదే మాట చాటున సంతకు చేరుతుంది. ఈ కఠినత్వం అవసరమేనని నా నమ్మకం.

ఇక్కడే జాగిలం రంగంలోకి వస్తుంది. వేటకుక్కకు మన భాష ఇచ్చిన ఈ పాత పేరునే ఇవాళ పత్రికలు పోలీసు కుక్కకూ వాడుతున్నాయి. ఆ మార్పు నాకు నచ్చింది. సీమ పల్లెల్లో కుందేళ్లను తరిమిన కుక్కకూ, వేటగాణ్ణి పట్టించే కుక్కకూ ముక్కు ఒకటే. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50–60 లక్షలుంటే, కుక్కకు 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. వదిలిన గాలి ముక్కు పక్కనున్న చీలికల గుండా బయటికి పోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. సెకనుకు నాలుగైదు సార్లు అది గాలిని పీల్చి చూస్తుంది.

మన దేశంలో వన్యప్రాణి నేరాల కోసం కుక్కలను తయారుచేసే కార్యక్రమాన్ని వన్యప్రాణి వ్యాపారంపై నిఘా ఉంచే ట్రాఫిక్ సంస్థ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్-ఇండియా 2008లో మొదలుపెట్టాయి. గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లోని బీఎస్ఎఫ్ శిక్షణ కేంద్రంలోనూ, పంచకులలోని ఐటీబీపీ కేంద్రంలోనూ శిక్షణ ఇచ్చారు. పులి, చిరుత చర్మాలు, ఎముకలు, ఏనుగు దంతం, ఎలుగు పైత్యం, దుప్పి కొమ్ము, ఎర్రచందనం: ఇవన్నీ ఆ జాగిలాలు నేర్చుకునే వాసనలు. ఈ జాబితాలో చివరి రెండూ కడపకు చాలా దగ్గర.

శిక్షణ ఆటతోనే మొదలవుతుంది. ఏడాది కూడా నిండని పిల్లకు బంతి అంటే ప్రాణం. ఆ బంతి ఎప్పుడు దొరుకుతుందో దానికి తెలియాలి. వరుసగా పెట్టిన డబ్బాల్లో ఒకదానిలో కొమ్ము ముక్క దాస్తారు. ఆ డబ్బా దగ్గర ముక్కు ఆగగానే బంతి అందుతుంది. కొన్ని వారాలకు వాసన అంటే బంతి అని కుక్క మనసులో ముడిపడిపోతుంది. కొమ్మును పట్టుకునేవారు చేతికి తొడుగు వేసుకోవాలి. లేకపోతే కుక్క కొమ్మును కాక మనిషి చేతిని వెతకడం నేర్చుకుంటుంది. శిక్షణ చెడిపోవడానికి ఈ చిన్న అజాగ్రత్త చాలు. తర్వాత పక్క డబ్బాల్లో మేక ఎముక, గేదె కొమ్ము, తోలు, కూర ముక్క పెడతారు. వాటి దగ్గర ఆగితే బహుమతి లేదు, తిట్టూ లేదు. అసలు వాసనను మిగిలినవాటి నుంచి వేరుచేయడం కుక్క అలా నేర్చుకుంటుంది. ప్రతి జాగిలానికీ ఇద్దరు హ్యాండ్లర్లుంటారు. ఒకరు సెలవు మీద వెళ్లినా పని ఆగకూడదు.

అమెరికా పద్ధతికీ మనకూ అసలు తేడా చివరి అడుగులో ఉంది. అక్కడి కుక్క తెస్తుంది, మన జాగిలం కూర్చుంటుంది. కొమ్ము ఒక సాక్ష్యం. నోట కరిస్తే లాలాజలం అంటుతుంది, పడి ఉన్న చోటు పోతుంది, కేసు బలహీనపడుతుంది. అందుకే వస్తువు దొరకగానే ముట్టకుండా కూర్చోవడం నేర్పుతారు. తెచ్చివ్వాలన్న కోరికను అణచి కూర్చోవడం కుక్కకు ఎంత కష్టమో, అంత ఓపికగా నేర్పాలి.

కడప వాతావరణం ఇంకో పరీక్ష. ఎండాకాలంలో 42 డిగ్రీలు దాటే రోజుల్లో కుక్క నాలుక బయటపెట్టి వగరుస్తుంది. వగర్చే కుక్క సరిగ్గా వాసన పట్టలేదు. పొడిగాలిలో వాసన అణువులు ముక్కు తడిలో కరగడమూ తగ్గుతుంది. కాబట్టి పని తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే జరగాలి. నీళ్లు, నీడ, పాదాలకు ముళ్లు గుచ్చుకోకుండా చూసుకోవడం కూడా శిక్షణలో భాగమే.

మరో జాగ్రత్త ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది ఈ లంకమల అడవుల్లోనే, రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ బృందానికి. నేల మీద తిరిగే పక్షి అది. దాని పొదల్లోకి కుక్కను వదిలేసి తిప్పడం నాకు సమ్మతం కాదు. లంకమలలో జాగిలం తాడు మీదే నడవాలి. దాని ముఖ్య స్థలం అడవి లోపల కాదు, అడవి నుంచి బయటికొచ్చే దారులు, చెక్‌పోస్టులు, లారీలు, బస్సుల్లోని సంచులు.

కుక్క కూర్చున్నాక మనిషి చూడాల్సింది కొమ్ము మొదలు. తనంతట రాలినదానికి ఉబ్బెత్తుగా, గరుకుగా, చిన్న చిన్న గుంటలతో అంచు ఉంటుంది. చంపి తీసినదానికి పుర్రె ఎముక ముక్క అంటుకుని ఉంటుంది, లేదా రంపపు కోత కనిపిస్తుంది. ముక్కలు చేసి, చెక్కి, రూపు మార్చినప్పుడు మాత్రం కన్ను సరిపోదు. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి ఎముక ముక్కల్లోని డీఎన్ఏ నుంచి జాతిని గుర్తిస్తుంది. లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ 2003లో ప్రకటించిన ప్రైమర్లు, అంటే డీఎన్ఏలో కావలసిన భాగాన్ని పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలు, అందుకు దారి వేశాయి.

అడవి లోపల, గస్తీ దారి పక్కన తనంతట రాలిన కొమ్మునే జాగిలం చూపించినప్పుడు ఏం చేయాలి? చోటు రాసుకోవాలి, తేదీ, కొలత, ఫొటో తీసుకోవాలి, బంతి ఇచ్చి కుక్కను మెచ్చుకోవాలి. దొంగల కంటపడే చోటు కాకపోతే కొమ్మును ముట్టకుండా వదిలి రావాలని నా అభిప్రాయం. అది ఏదుపందికి చెందాల్సిన తిండి.