పన్నెండు నెలల గడువు

ఇంగ్లండుకు ఉద్యోగంమీద వెళ్ళే మన పిల్లల పెట్టెలో ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, ప్రెషరు కుక్కరు, సర్టిఫికెట్ల కట్ట, వీటన్నిటితోపాటు ఇక్కడి డ్రైవింగు లైసెన్సు కూడా భద్రంగా వుంటుంది. వుండవలసిందే. అయితే ఆ లైసెన్సు అక్కడ ఎంతకాలం చెల్లుతుంది, ఆ తరువాత ఏమి చేయాలి అనే సంగతి విమానం ఎక్కకముందే విచారించేవారు తక్కువ. మన సంఘ కుటుంబాల నుంచి నర్సులు, కంప్యూటరు ఇంజనీర్లు చాలామంది ఈ నాలుగైదేళ్ళలో ఆ దేశం వెళ్ళారు. ఇంకా వెళుతున్నారు. అందుచేత ఈ విషయం కొంచెం వివరంగా వ్రాయడం మంచిదనుకున్నాను. నేను ఆ దేశం చూడలేదు. కాని మా అక్క కూతురు, అల్లుడు అక్కడ వున్నారు. వారి దరఖాస్తుల వ్యవహారమంతా ఫోనులో నాతో సంప్రదించే నడిపారు. ఇరవై యేళ్ళుగా ఫారాలు సరిచూడడమే నా ఉద్యోగం గనుక నామీద ఆ మాత్రం గురి వారికి వున్నది.

అసలు నిబంధన ఇది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు ఈ మూడింటిలో మన దేశపు లైసెన్సుతో కారు నడపవచ్చు. కాని అక్కడ కాపురముండడం మొదలైన నాటినుంచి పన్నెండు నెలలు మాత్రమే. కారు కొన్ననాటినుంచి కాదు, మొదటిసారి స్టీరింగు పట్టిననాటినుంచి కాదు. పది నెలలు బస్సులలో తిరిగి పదకొండో నెలలో కారు కొన్నవాడికి మిగిలేది రెండు నెలలే. ఆస్ట్రేలియా, జపాను, సింగపూరు, దక్షిణాఫ్రికా, స్విట్జర్లండు వంటి కొన్ని దేశాలవారు తమ లైసెన్సు ఇచ్చి పరీక్ష లేకుండానే అక్కడి లైసెన్సు మార్చుకోవచ్చు. ఆ జాబితాలో మన దేశం లేదు. ఇక్కడ ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి తీసుకునే అంతర్జాతీయ పర్మిట్టు వున్నది గదా అని కొందరు ధైర్యంగా వుంటారు. అది ఆ పన్నెండు నెలలను ఒక్కరోజు కూడా పొడిగించదు. గడువు దాటాక మనవాడు ఎంత అనుభవశాలి అయినా అక్కడి లెక్కలో కొత్తగా నేర్చుకునేవాడే. ప్రొవిజనల్ లైసెన్సు తీసుకోవాలి, కారుకు ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం కట్టుకోవాలి, పక్కన మూడేళ్ళు పూర్తి లైసెన్సు కలిగి, ఇరవైయొక్క యేళ్ళు దాటిన మనిషిని కూర్చోబెట్టుకోవాలి.

ఇందులో మరో మెలిక వున్నది. రోడ్డు పరీక్షకు వెళ్ళేనాటికి, అంతకుముందరి పన్నెండు నెలలలో కనీసం 185 రోజులు అక్కడ నివసించివుండాలి. అంటే కొత్తగా వెళ్ళినవారికి మొదటి ఆరునెలలు పరీక్షకు అర్హతే లేదు. పన్నెండులో ఆరు అలా పోగా మిగిలినవి ఆరు. కోవిడు తరువాత రోడ్డు పరీక్షకు తేదీ దొరకడమే చాలా ఊళ్ళలో నెలల తరబడి పని అయిపోయింది. ఈ మూడు లెక్కలూ ఒక కాగితంమీద వేసి చూసుకుంటే, మొదటివారంలోనే ఎందుకు కదలాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మా అల్లుడు 2023 జనవరిలో వెళ్ళాడు. నర్సు ఉద్యోగం. ఆసుపత్రిలో కాదు, మంచంపట్టిన రోగుల ఇళ్ళకు వెళ్ళి కట్లు కట్టి, సూదిమందు ఇచ్చి రావడం. రోజుకు ఎనిమిది, పది ఇళ్ళు. పల్లెటూళ్ళ మధ్య దూరం ఎక్కువ, బస్సులు తక్కువ. కారు లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. వెళ్ళిన నెలలోనే పాతకారు ఒకటి కొని బాగానే తిరిగాడు. బరంపురంనుంచి గోపాల్‌పూరుకు, ఛత్రపురానికి లారీల మధ్య పదేళ్ళు కారు నడిపినవాడు, అక్కడి నున్నటి రోడ్లు ఒక లెక్కా అనుకున్నాడు. పైగా మనలాగే అక్కడా ఎడమవైపే నడుపుతారు. ప్రొవిజనల్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టినది సెప్టెంబరులో. వ్రాతపరీక్ష రెండో ప్రయత్నంలో అక్టోబరులో అయింది. రోడ్డు పరీక్షకు దొరికిన తేదీ 2024 మార్చి. జనవరిలోనే గడువు ముగిసింది. ముగిసిన మర్నాటినుంచి తానుగా కారు తీయడానికి వీలు లేదు. అతన్ని పనిలో పెట్టుకున్న సంస్థవారు ముందు ఆఫీసుపని ఇచ్చారు, తరువాత గంటలు తగ్గించారు, ఆ పైన ఎన్నాళ్ళు ఇలా అని అడగడం మొదలుపెట్టారు. ఉద్యోగంమీద ఇచ్చే వీసా ఆ ఉద్యోగాన్నే అంటిపెట్టుకొని వుంటుంది. అది పోతే సాధారణంగా అరవై రోజులలో మరొకటి చూసుకోవాలి, లేదా ఇంటికి రావాలి. ఆ నాలుగు నెలలూ మా అక్క ఇక్కడ రాత్రిళ్ళు నిద్రపోలేదు.

ఈ పరీక్ష సంగతి కొంత చరిత్రతో చెప్పాలి. ఇంగ్లండులో కారు నడిపేవారికి పరీక్ష పెట్టినది 1935లో. మార్చి 16న మొదటగా నెగ్గినాయన పేరు బీన్. కట్టిన రుసుము ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలు. ఆ జూను 1వ తేదీనుంచి, 1934 ఏప్రిలు తరువాత నడపడం మొదలుపెట్టినవారందరికీ అది తప్పనిసరి అయింది. యుద్ధకాలంలో ఆపివేశారు. సూయజ్ తగాదా వచ్చి పెట్రోలు కరువైనప్పుడు, 1956 నవంబరునుంచి కొన్ని నెలలు మళ్ళీ ఆపి, నేర్చుకునేవారిని పక్కన మనిషి లేకుండానే నడపనిచ్చారు. అటువంటి దొరతనం ఇప్పుడు ఆశించకూడదు.

ఇప్పటి పద్ధతిలో మొదటిది ప్రొవిజనల్ లైసెన్సు. కంప్యూటరులో పెడితే 34 పౌన్లు, తపాలాలో 43. పాస్‌పోర్టు వివరాలు, గత మూడేళ్ళలో వున్న చిరునామాలు అడుగుతారు. చిరునామాల దగ్గర జాగ్రత్త. మన ఇంటి నంబర్లు, వీధిపేర్లు ఒక కాగితంలో ఒకలాగా, మరో కాగితంలో మరోలాగా వుంటాయి. పుట్టినతేదీ, ఇంటిపేరు కూడా అంతే. ఒడిశాలో పుట్టి పెరిగిన మన పిల్లల ఇంటిపేరు బడి సర్టిఫికెట్టులో ముందుంటే పాస్‌పోర్టులో వెనకుంటుంది. అక్కడ పాస్‌పోర్టు ప్రకారమే అన్నిచోట్లా వ్రాయాలి. మన లైసెన్సు వున్నా లేకపోయినా, పదిహేనేళ్ళ తొమ్మిది నెలలు నిండి, అక్కడ కనీసం 185 రోజులు నివసించే అనుమతి వున్న ఎవరైనా దీనికి దరఖాస్తు పెట్టవచ్చు. ఇది తీసుకున్నంత మాత్రాన మన లైసెన్సుమీద నడిపే హక్కు పోతుందేమోనని కొందరికి భయం. పోదు; పన్నెండు నెలలూ నిండేవరకు వుంటుంది.

తరువాత వ్రాతపరీక్ష, 23 పౌన్లు. యాభై ప్రశ్నలు, యాభైయేడు నిమిషాలు. నలభై మూడు సరిగా చెప్పాలి. ఇంగ్లీషులోగాని వేల్సు భాషలోగాని వ్రాయాలి. 2014 ఏప్రిలు వరకు ప్రశ్నలను కొన్ని ఇతర భాషలలో చెవిలో వినిపించే ఏర్పాటు వుండేది. హిందీ, ఉర్దూ, తమిళం, గుజరాతీ, బెంగాలీ అన్నీ వుండేవి, తెలుగు లేదు. తీసివేసినా మనం నష్టపోయినదేమీ లేదన్నమాట! ఈ పరీక్షకు ఆధారం 'హైవే కోడ్' అనే పుస్తకం. 1931లో మొదట అచ్చయినప్పుడు దాని వెల ఒక పెన్నీ. వెళ్ళబోయేవారు ఇక్కడ వుండగానే దాన్ని చదవవచ్చు. కంప్యూటరులో డబ్బులు లేకుండానే దొరుకుతుంది.

వ్రాతపరీక్షతోపాటే మరొకటి పెడతారు. రోడ్డుమీద జరిగే పధ్నాలుగు చిన్న సినిమాలు చూపుతారు. ఎక్కడ ప్రమాదం పుట్టబోతున్నదో పసిగట్టి మీట నొక్కాలి. ఆగివున్న కార్ల మధ్యనుంచి బంతి దొర్లివచ్చిందంటే వెనకాలే పిల్లవాడు వస్తాడు. ఎంత త్వరగా నొక్కితే అన్ని మార్కులు, ఒక్కొక్కదానికి అయిదు వరకు. మొత్తం డెబ్బైయైదుకు నలభైనాలుగు రావాలి. గుడ్డిగా ఆగకుండా టకటకా నొక్కుతూపోతే ఆ బొమ్మకు సున్న. మా అల్లుడు మొదటిసారి పోయినది ఇక్కడే. పదేళ్ళు మన రోడ్లమీద నడిపినవాడికి ఆవు, మేక, ఎదురువచ్చే ఆటో, ఇవేవీ ప్రమాదంగా తోచవు. రోజూ వుండేవే అనిపిస్తాయి. ఈ పరీక్ష అడిగేది సరిగ్గా దానినే.

రోడ్డు పరీక్షకు పగటిపూట, పనిదినాలలో 62 పౌన్లు. వ్రాతపరీక్ష నెగ్గిన రెండేళ్ళలోపల ఇది కావాలి, లేకపోతే మళ్ళీ మొదటికి. ముందుగా ఇరవై మీటర్ల దూరంలో వున్న కారు నంబరు చదివిస్తారు. అది చదవలేకపోతే కారు కదలకుండానే ఇంటికి. ఆపైన సుమారు నలభై నిమిషాలు ఊళ్ళో నడిపిస్తారు. కొంతసేపు ఎటు తిరగాలో ఎగ్జామినరు చెప్పడు. బోర్డులు చూసుకొనిగాని, యంత్రం చెప్పినట్లుగాని పోవాలి. చిన్నతప్పులు పదిహేను వరకు క్షమిస్తారు. పెద్దతప్పు ఒక్కటి చేస్తే చాలు, మిగతాదంతా ఎంత చక్కగా నడిపినా పోయినట్లే. అక్కడ పుట్టి పెరిగినవారిలోనే సుమారు సగంమంది తప్పుతారు. కనుక మనవాడు ఒకసారి తప్పితే పెండ్లివారి ఎదుట తల వంచుకోవలసిన పని కాదు.

మార్చిలో మా అల్లుడు తప్పాడు. నల్లచారల దాటుడుదారి దగ్గర ఒక ముసలమ్మ నిలబడివున్నది. ఇంకా కాలు రోడ్డుమీద పెట్టలేదు. ఇతడు వేగం తగ్గించాడు, ఆమె కదలలేదు గనుక ముందుకు పోయాడు. మన బజారులో అయితే అంతకంటె మర్యాదస్తుడు లేడు! ఎగ్జామినరు పెద్దతప్పుగా వేశాడు. 2022 జనవరి 29నుంచి అక్కడ నియమం మారింది. దాటుతున్నవారికే కాదు, దాటడానికి వేచివున్నవారికి కూడా దారి ఇవ్వాలి. ఎవరు ఎక్కువ హాని చేయగలరో వారిమీద ఎక్కువ బాధ్యత అని ఆ పుస్తకంలోనే మొదట చేర్చారు. లారీకి కారుకంటె, కారుకు సైకిలుకంటె, సైకిలుకు నడిచేవారికంటె బాధ్యత పెద్దది. మన రోడ్డుమీద వరస దీనికి సరిగా తలకిందులని చదివేవారికి నేను చెప్పనక్కరలేదు.

తప్పినవారు పదిపనిదినాలు ఆగి మళ్ళీ వెళ్ళవచ్చు. తేదీ దొరకాలిగదా! అతనికి మేనెలలో దొరికింది. ఈ రెండు నెలలలో ఒక శిక్షకుడి దగ్గర పన్నెండు గంటలు నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడనడంకంటె మానుకున్నాడనడం నిజం. ఇక్కడ లైటు కొడితే "నేను వస్తున్నా, తప్పుకో" అని అర్థం. అక్కడ చాలామంది "మీరు పోండి" అనే అర్థంలో కొడతారు. రాత్రి పదకొండున్నరనుంచి తెల్లవారి ఏడుదాకా ఇళ్ళున్నచోట హారను కొట్టడం చట్టరీత్యా తప్పు. మన లారీల వెనక వ్రాసివుండే 'హారన్ ఓకే ప్లీజ్' అక్కడ ఎవరికీ అర్థంకాదు. రౌండబౌటులో కుడివైపునుంచి వచ్చేవారికి ముందు దారి. దీపస్తంభాలున్న వీధులలో మామూలుగా గంటకు ముప్పైమైళ్ళు, అంటే నలభైయెనిమిది కిలోమీటర్లు. వేల్సులో 2023 సెప్టెంబరునుంచి చాలావరకు ఇరవైమైళ్ళే. అన్నిటికంటె కష్టమైనది అద్దాలు చూడడమట. బండి వేగం మార్చినా, పక్కకు తిప్పినా, ముందు అద్దం చూడాలి. చూసినట్లు ఎగ్జామినరుకు కనబడాలి కూడా. సందులో గీసుకుపోతాయని పక్కఅద్దాలు మడిచిపెట్టి నడిపే వూరివాళ్ళం మనం. ఆ అలవాటు మెడకు నేర్పడానికి పన్నెండు గంటలలో సగం పట్టిందన్నాడు. మేలో నెగ్గాడు. ఉద్యోగం నిలిచింది.

మా మేనకోడలి సంగతి వేరు. ఇక్కడ గేర్లులేని స్కూటీ తప్ప నడిపి ఎరుగదు. భర్త బస్సులో పోతూ, పిల్లవాణ్ణి బడికి వానలో నడిపించుకొని తీసుకువెళ్ళిన ఆ నాలుగు నెలలలోనే తానూ ప్రొవిజనల్ తీసుకున్నది. గేర్లు మార్చే పనిలేని ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇచ్చి మొదటిసారే నెగ్గింది. మానుకోవలసిన అలవాట్లు లేకపోవడమే కారణమని నా ఊహ. మా అల్లుడు మాత్రం ఒప్పుకోడు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆటోమేటిక్‌లో నెగ్గినవారు గేరుకారు నడపకూడదు, గేరుకారులో నెగ్గినవారు రెండూ నడపవచ్చు. ఉద్యోగానికి సంస్థవారి బండి నడపవలసినవారు ముందే అడిగి తెలుసుకోవాలి. భర్త ఉద్యోగంమీద వెళ్ళే ఆడపిల్లలు ఇక్కడ వున్నప్పుడు లైసెన్సు ఎందుకులే అనుకుంటారు. అక్కడ ఇంట్లో ఒక్కరికే లైసెన్సు వుంటే, ఆ ఒక్కరికీ జ్వరం వచ్చిననాడు ఇల్లంతా ఆగిపోతుంది.

ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కితే మామూలుగా 300 పౌన్ల జరిమానా, లైసెన్సుమీద ఆరు పాయింట్లు. బండి కూడా పట్టుకుపోవచ్చు. నడుపుతూ ఫోను చేతబట్టినా ఆరు పాయింట్లే, జరిమానా 200. కొత్తగా నెగ్గినవారికి మొదటి రెండేళ్ళలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సు రద్దు. ప్రొవిజనలు మొదలుకొని రెండు పరీక్షలూ మళ్ళీ ఇవ్వాలి. ఇక్కడ పదేళ్ళు నడిపిన లెక్క అప్పుడూ పనికిరాదు.

ఇదంతా ఆ మూడు ప్రాంతాల సంగతి. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. జర్మనీలో గడువు ఆరునెలలే. ఆ దేశాలలో పిల్లలున్న సభ్యులు అక్కడి వివరాలు ఈ పత్రికకు వ్రాసి పంపితే వెళ్ళబోయేవారికి ఉపయోగపడతాయి.