ఆటకు కూలి ఎవరిస్తారు?

కిందటి దసరా సెలవులకు మా ఊరు వెళ్లాను. పత్తి ఏరుతున్నారు. మా పాలమూరు వైపు పత్తి ఏరేవాళ్లకు కూలి కిలో లెక్కన ఇస్తారు. సాయంత్రం కాంటా పెడతారు, ఎంత ఏరితే అంత. నా మోకాలి మీద చెక్కుకుపోయిన దెబ్బ చూసి మా నాయిన అడిగాడు: "గట్ల ఆడితే ఎంతిస్తరు బిడ్డా?"

"ఏమియ్యరు నాయినా. సర్టిఫికెట్ ఇస్తరు."

ఆయన కాంటా వైపు చూసి ఊరుకున్నాడు. విద్యార్థి సంఘం వారు ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమన్నారు గాని, నన్ను ఆ ప్రశ్న వదలలేదు. నేను చదివేది బి.జెడ్.సి., ఆడేది లెఫ్ట్ బ్యాక్. రెండింటిలోనూ సామాన్యుణ్ణే. కాబట్టి పాఠకులు ఇందులో తప్పులుంటే మన్నించి, సంగతి మాత్రం ఆలోచించగోరుతాను.

మన కాలేజీ చుట్టుపక్కల సంగతి అందరికీ తెలిసిందే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రాళ్లగుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. ఆ మేడలకు తట్టలు మోసినవాళ్లలో మా జిల్లా వాళ్లెందరో ఉన్నారు, అది వేరే కథ. ఖాళీ జాగా కనబడితే ఇప్పుడు పచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ వల కట్టి, దీపాలు పెట్టి గంట లెక్కన అద్దెకిస్తున్నారు. దాన్నే టర్ఫ్ అంటాం. రాత్రి ఎనిమిది దాటితే కంపెనీల ఉద్యోగులు అక్కడ ఆడతారు. వాళ్లలో వాళ్లకు పోటీలుంటాయి. గెలవాలనే పట్టుదల కొంచెం ఎక్కువైన జట్టువారు కాలేజీ కుర్రాళ్లను పిలిపించి తమ జెర్సీ తొడిగిస్తారు. మ్యాచికి ఐదొందలు, ఎనిమిదొందలు, ఫైనల్ అయితే వెయ్యి. రశీదు ఉండదు. నేనూ మూడుసార్లు వెళ్లాను, దాచడమెందుకు?

మా గోల్‌కీపర్ మాత్రం వారానికి రెండుసార్లు వెళ్లేవాడు. అతని మెస్ బిల్లు దాంతోనే గడిచేది. కిందటేడు జనవరిలో ఒక కంపెనీ తరఫున ఆడుతూ పక్కకు దూకినప్పుడు పాదం గడ్డిలో ఇరుక్కుని మోకాలు మెలి తిరిగింది. మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ అడ్డంగా పట్టి ఉంచే తాడులాంటి లిగమెంటు ఒకటుంటుంది. అది పూర్తిగా తెగితే దానంతటది అతకదు. మరోచోటి నుంచి స్నాయువు తీసి దాని స్థానంలో బిగించాలి. ఆ తర్వాత మళ్లీ మైదానంలో దిగడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. వాళ్ల నాన్న రెండెకరాల మాగాణి కౌలుకిచ్చి ముందుగానే డబ్బు తెచ్చి ఆపరేషను చేయించాడు. కంపెనీ వాళ్లను అడిగితే "అతను మా ఉద్యోగి కాడు గదా" అన్నారు. కాలేజీలో అడిగితే "అది మా మ్యాచి కాదు గదా" అన్నారు. రెండు మాటలూ నిజమే. అయితే పడిపోయిన ఆ క్షణంలో అతను ఎవరు?

ఈ ప్రశ్న కొత్తది కాదని అమెరికాలో ఎం.ఎస్. చేస్తున్న మా సీనియర్ అన్న ఒకాయన ఫోనులో చెప్పేదాకా నాకు తెలియదు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మన ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని, తలకు హెల్మెట్, భుజాలకు దిండ్లు కట్టుకుని ఢీకొట్టుకునే ఆట. దాన్ని కాలేజీలే నడుపుతాయి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షకు పైగా సీట్లున్నాయి. మన గచ్చిబౌలి స్టేడియం లాంటివి మూడు కలిపినా దానికి సరిపోవు.

అక్కడ 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ అనే విద్యార్థి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇప్పించమని భార్య అడిగింది. అతను ఉద్యోగి కాడని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్.సి.ఎ.ఎ. ఆ రోజుల్లోనే 'విద్యార్థి-క్రీడాకారుడు' అనే జంటపదాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఇలాంటి పరిహారపు దావాలను అడ్డుకోవడానికే ఆ పదం పుట్టిందని దాని అధిపతిగా ఉన్న వాల్టర్ బయర్స్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. విద్యార్థి అన్నారంటే కూలి అడగకూడదు, క్రీడాకారుడు అన్నారంటే ఆడక తప్పదు. మాట ఎంత ముచ్చటగా ఉందో చూడండి!

ఆ మాట అరవై ఏళ్లకు పైగా నిలిచింది. టెలివిజన్ డబ్బు వేల కోట్లకు పెరిగింది, కోచ్‌లు ధనవంతులయ్యారు, ఆడేవాళ్లకు మాత్రం ఫీజు, భోజనం, గది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకమై, చదువుకు సంబంధించిన ప్రయోజనాలకు పరిమితి పెట్టడం చెల్లదన్నారు. ఆ జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ ప్రకటనలకు అమ్ముకోవచ్చునన్నారు. 2025 జూన్‌లో మరో కేసు రాజీకి వచ్చింది. దాని ప్రకారం ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాదిలో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. మన రూపాయల్లో 170 కోట్లకు పైమాటే! ఇందులో సింహభాగం ఫుట్‌బాల్ కుర్రాళ్లకే పోతుందని, ఆడపిల్లల ఆటలకూ, జనం చూడని ఈత, కుస్తీలకూ ఏం మిగులుతుందని తగాదా నడుస్తున్నది. ఆటగాడు ఉద్యోగియా కాదా అన్నది ఇంత డబ్బు పంచాక కూడా తేలలేదు.

సరే, వాళ్ల దగ్గర పంచడానికి డబ్బుంది. మన కాలేజీ మ్యాచికి టిక్కెట్టు లేదు, టీవీ లేదు. చూడడానికి వచ్చేది హాస్టలు వాళ్లు, పల్లీలమ్మే తాత. మరి మన ఊళ్లో ఎప్పుడూ ఆటకు కూలి ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. ఉద్యోగం రూపంలో ఇచ్చారు.

ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు ఇప్పుడు సినిమా పుణ్యమా అని అందరికీ తెలిసింది. ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు గెలిచింది. రహీం సాబ్ శిక్షణలోనే 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం పొందింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. పోలీసు జట్టులో ఆడేవాడికి కాగితం మీద ఆటకు పైసా లేదు. కాని నెల తిరిగేసరికి జీతముంది, దెబ్బ తగిలితే సెలవుంది, చివరికి పెన్షనుంది. సికింద్రాబాదు పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంకు ప్రాక్టీసుకు రావడానికి దారిఖర్చు లేకపోతే రహీం సాబే ఆదుకున్నారని చెప్పుకుంటారు. ఆ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. తర్వాత రైల్వే ఉద్యోగంలో చేరాడు. అంటే పోలీసు, రైల్వే, మిలటరీ, బ్యాంకు – ఇవే మన ఆటగాళ్ల పొలాలు. బంతి విత్తితే ఉద్యోగం పండేది. ఆ ఉద్యోగాలు తగ్గుతూ వచ్చేసరికి, డిగ్రీ పిల్లవాడు బంతి వెంట ఎందుకు పరుగెత్తాలో ఇంట్లోవాళ్లకు చెప్పలేకపోయాడు. క్రికెట్ వల్లే ఫుట్‌బాల్ పోయిందని మా అధ్యాపకులొకరు వాదిస్తారు. సగం నిజమే, మిగతా సగం ఇదీ అని నా అభిప్రాయం.

మధ్యలో ఆశ ఒకటి మెరిసింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టి, 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియాన్నే ఇల్లు చేసుకుంది. 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచింది. ఆ రాత్రి మా ఊళ్లో ఫోను పట్టుకుని వేపచెట్టు కింద చూసినవాణ్ణి నేను. డిగ్రీకి పట్నం రావాలనుకోవడానికి అదీ ఒక కారణం. ఏడాదిన్నర తిరక్కుండానే ఆటగాళ్ల జీతాల బకాయిల వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఆ తర్వాత చేతులు మారి, 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. పెద్ద క్లబ్బులోనే కూలి నిలిచిపోతే చిన్న కాలేజీ మాట చెప్పేదేముంది?

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదని అనను. ఖేలో ఇండియాకు ఎంపికైన వాళ్లకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు, శిక్షణ, వైద్యం ఉన్నాయి. ఎంపిక కాని మా బోటి వాళ్ల మాటే ఇక్కడ. తొంభై నిమిషాల ఆటలో మిడ్‌ఫీల్డర్ పది కిలోమీటర్ల దాకా పరుగెడతాడు, వెయ్యి కేలరీలకు పైగా ఖర్చవుతాయి. హాస్టల్ పప్పుచారు మీద అది సాధ్యం కాదని నా కాళ్లే చెబుతాయి. కాబట్టి మాకు అమెరికా లెక్కలు వద్దు. ప్రాక్టీసు రోజున రెండు గుడ్లు, గ్లాసు పాలు, బస్సు చార్జీ, టోర్నమెంటుకు వెళ్లిన రోజుల అటెండెన్సు, అన్నిటికంటే ముందు, జట్టులో పేరున్న ప్రతి ఒక్కరికీ కాలేజీ మ్యాచైనా టర్ఫు మ్యాచైనా వర్తించే ప్రమాద బీమా. కాలేజీకి సంబంధం లేని ఆటకు బీమా ఎందుకంటారేమో. మెస్ బిల్లు కట్టలేక ఆడిన ఆట కాలేజీకి సంబంధం లేనిదెలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఈ నాలుగూ రాసి విద్యార్థి సంఘానికి అర్జీ ఇచ్చాం. కోశాధికారి అన్న లెక్క వేసి చూసి, వార్షికోత్సవం రోజు డి.జె. ఖర్చులో సగం తగ్గిస్తే బీమా సొమ్ము వస్తుందన్నాడు. ఆ మాట బయటికి పొక్కగానే మాకు శత్రువులు పెరిగారు! ముగ్గురు అధ్యాపకులు సంతకాలు పెట్టారు, ఇంకా ఇద్దరివి కావాలి. గోల్‌కీపర్ ఇప్పుడు కుంటకుండా నడుస్తున్నాడు, లైబ్రరీ మెట్లు మాత్రం ఒక్కొక్కటిగా దిగుతాడు. ఈ ఏడు ఇంటర్ కాలేజియేట్‌కు వేరే ఎవరూ లేక గోల్‌లో నన్నే నిలబెట్టారు. మొదటి మ్యాచిలో నాలుగు గోల్స్ వదిలాను. అతను గోల్ వెనక కూర్చుని ఎప్పుడు ఎటు దూకాలో అరిచి చెబుతూనే ఉన్నాడు. నేను దూకలేదు.