పప్పన్నంలో పప్పెంత?

మాంసం, గుడ్డు మానేశామని చెప్పగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న: "మరి ప్రొటీన్ ఎలా?" కాస్త చదివినవారైతే "మొక్కల ప్రొటీన్ సంపూర్ణం కాదటగా" అని కూడా అంటారు. ఆ మాట అబద్ధం కాదు గానీ, వినిపించేంత భయంకరమైనదీ కాదు.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఇరవై రకాల్లో తొమ్మిదింటిని మన ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. బియ్యంలోనూ కందిపప్పులోనూ ఈ తొమ్మిదీ ఉన్నాయి. కాకపోతే ఒకటో రెండో మనకు కావలసిన పాళ్లలో ఉండవు. ఒకటి తగ్గితే మిగతావాటిని కూడా శరీరం ఆ మేరకే వాడుకుంటుంది. తొమ్మిదిలో ఒకటి బొత్తిగా లేని ప్రొటీన్ కావాలంటే, విచిత్రంగా, జంతువుల ఎముకల నుంచి తీసే జెలటిన్‌ను చూడాలి. అందులో ట్రిప్టోఫాన్ ఉండదు.

బియ్యం, గోధుమ, జొన్నల్లో లైసిన్ తక్కువ. పప్పుల్లో లైసిన్ దండిగా ఉంటుంది, మెథియోనిన్ తక్కువ. ఆ మెథియోనిన్ ధాన్యంలో సరిపడా ఉంటుంది. కలిపి తింటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పులగం, పెసరట్టు ఉప్మా, జొన్నరొట్టె పప్పు అన్నీ ఈ జతలే. ఇక్కడ ఆగి పెద్దల తెలివిని మెచ్చుకోవడం తేలిక. కానీ అసలు చిక్కు కలపడంలో లేదు, ఎంత కలుపుతున్నామన్నదానిలో ఉంది.

అరవై కిలోల మనిషి సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 1,800 మిల్లీగ్రాముల లైసిన్ కావాలి. 300 గ్రాముల బియ్యం వండుకుంటే వచ్చేది సుమారు 900. నలుగురున్న ఇంట్లో రోజుకొకసారి 100 గ్రాముల కందిపప్పు కుక్కర్లో పడితే, మనిషి వాటా 25 గ్రాములు. దాంతో వచ్చే లైసిన్ 400కు మించదు. మొత్తం 1,300, ఇంకా 500 లోటు. ఇక పప్పుచారు రోజైతే చెప్పనే అక్కర్లేదు, గరిటెతో అడుగంతా గాలించాలి. అదే పప్పు 85 గ్రాములైతే మొత్తం 2,100 దాటుతుంది. తిన్నదంతా ఒంటబట్టదు కాబట్టి ఆ మిగులు ఉండాల్సిందే.

85 నేను వేసుకున్న అంకె కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల తిండికి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుదినుసులు అని చెప్పింది. అంటే అన్నం కాస్త తగ్గాలి, పప్పు బాగా పెరగాలి.

అంత పప్పు ఒక్కపూట తినమంటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, సాయంత్రం సెనగ గుగ్గిళ్లు (తెలంగాణలో గుడాలు) అని పంచుకుంటే తెలియకుండానే అయిపోతుంది. మీల్‌మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. సోయా కాబట్టి లైసిన్‌కూ కొరతలేదు. పల్లీల్లో ప్రొటీన్ పప్పుతో సమానమే గానీ లైసిన్ తక్కువ, అందుకని పల్లీచట్నీ పప్పుకు బదులు కాదు. నువ్వులపొడిలో మెథియోనిన్ ఎక్కువ కనుక పప్పుకు అది మంచి తోడు.

ధాన్యం, పప్పు రెండూ ఒకే పూట తినాలన్న నియమమూ లేదు. 1971లో 'డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్' రాసిన అమెరికన్ రచయిత్రి ఫ్రాన్సిస్ మూర్ లాపే పుస్తకంతో ఆ నమ్మకం బాగా పాకింది. పదేళ్ల తర్వాతి ముద్రణలో ఆవిడే దాన్ని సవరించుకున్నారు. అమైనో ఆమ్లాలు ఒంట్లో కొన్ని గంటలపాటు అందుబాటులో ఉంటాయి. పొద్దున పెసలు, రాత్రి అన్నం తిన్నా లెక్క కుదురుతుంది.

పప్పు పెంచితే గ్యాస్ అంటారు. నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, మొలకెత్తించడం, రుబ్బి పులియబెట్టడం ఇందుకు ఉపయోగపడతాయి. ఒక్కసారిగా కాక వారం వారం కొంచెం పెంచుకోవాలి. కిడ్నీ జబ్బున్నవారు మాత్రం డాక్టర్ని అడగకుండా పెంచకూడదు. పాలు, పెరుగు కూడా మానేసినవారు బి12 మాత్ర వేసుకోవాలి. అది ఏ పప్పులోనూ దొరకదు.